బండిలో లోపం, మన జీతంలో కోతా?

సౌదీలో హౌస్ డ్రైవర్లుగా చేస్తున్న అన్నలారా, తమ్ముళ్లారా!

కొత్త బండి, వారంటీ కూడా ఉంది. గేరు మారినప్పుడల్లా కుదుపు. మూడోసారి షోరూం వర్క్‌షాపుకు తీసుకపోతే కంప్యూటర్ పెట్టి చూసి ‘మాఫీ ముష్కిల్’ అని తాళం చేతిలో పెడతారు. నాలుగు రోజులకు మళ్లీ అదే కుదుపు. కఫీల్ తిట్టేది ఎవర్ని? నిన్నే. ‘నీకు నడపరాదు’ అని జీతం కోస్తాడు. లోపం కంపెనీది, కోత మనకా? ఇదెక్కడి న్యాయం!

నోటిమాట నమ్మకండి. పోయిన ప్రతిసారి జాబ్ కార్డు మీద తేదీ, కిలోమీటర్లు, మీరు చెప్పిన కంప్లైంట్ రాయించండి. ఉత్త ‘చెకప్’ అని రాస్తే సంతకం పెట్టొద్దు. సర్వీసు మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని నడిపి చూపించండి. కార్డు ఫోటో అక్కడి నుంచే కఫీల్‌కు వాట్సాప్ చెయ్యండి. బండి ఆయన పేరు మీదిది, వాణిజ్య శాఖ 1900 నంబరుకు ఫిర్యాదు ఆయన చేతనే చేయించండి. ఆ బండికి రీకాల్ ఉందేమో ఛాసిస్ నంబరు కొట్టి ‘రీకాల్స్ డాట్ ఎస్ఏ’లో మీరే చూడొచ్చు.