రెండు గిటార్లు, ఏడు మాత్రలు
జానపద సంగీతం తన పుట్టింటి వాద్యాలను విడిస్తే ప్రాణం కోల్పోతుందన్న వాదన ఎంత బలహీనమైనదో వ్లాట్కో స్టెఫానోవ్‌స్కీ, మిరోస్లావ్ టాడిచ్ అనే గిటార్ కళాకారులు మాసిడోనియా జానపద పాటలతో 1998లో వెలువరించిన ‘క్రుషెవో’ ఆల్బమ్ తేటతెల్లం చేస్తుంది. మాసిడోనియా పల్లె సంగీతానికి ఆధారం గాయిదా అనే తోలుతిత్తి వాద్యం, కవల్ అనే పొడవాటి వేణువు, ఒక వైపు లావు కర్రతోనూ మరో వైపు సన్నని పుల్లతోనూ వాయించే తపాన్ అనే డోలు. గాయిదాలో ఎడతెగక మోగే ఆధారశ్రుతిని గిటార్ మంద్రపు తీగ అందుకోగలదు. తపాన్ దరువును బొటనవేలి మీటు పలికించగలదు. ఊపిరితో సాగే కవల్ స్వరాన్ని మాత్రం, మీటగానే క్షీణించే తీగనాదం పూర్తిగా భర్తీ చేయలేదు. అయినా ఈ సంగీతపు ఆయువుపట్టు దాని నడకలో ఉంది. ‘యోవానో, యోవాంకె’ వంటి పాటలు ఏడు మాత్రలను 3, 2, 2గా విరుచుకుని సాగుతాయి గనుక, మిశ్రచాపు తాళానికి అలవాటుపడిన తెలుగు చెవికి ఆ లెక్క పరాయిదిగా తోచదు. ఆ విరుపును చదునుచేసి నాలుగు మాత్రల్లోకి కుదించినప్పుడే సంప్రదాయానికి నిజమైన నష్టం. దాన్ని నిలుపుకున్నంతకాలం వాద్యం మారడం ఆ పాటకు మరో గొంతు దొరకడమే అవుతుంది.