టీవీలో నవ్వు, వీధిలో అనుమానం

మగ్రిబ్‌కూ ఇషాకూ నడుమ ఉండే గంటన్నర సమయంలో మన ఇళ్ళలో ఏం జరుగుతుందో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. టీవీ మోగుతూ ఉంటుంది. కృష్ణా, మూసీ కలిసే ఈ వాడపల్లిలోనూ అంతే. సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చినవాడూ, మిర్యాలగూడ రైసుమిల్లులో బస్తాలు మోసి వచ్చిన హమాలీ, వంటింట్లో రొట్టెలు కాలుస్తున్న ఇల్లాలూ ఒకే తెరవైపు చెవి ఒగ్గి ఉంటారు. ఆ తెరమీద ముఖ్యంగా రెండు రకాల కార్యక్రమాలే కనిపిస్తాయి. ఒకటి నవ్వించేది, రెండోది భయపెట్టేది. మొదటిదాన్ని కామెడీ షో అంటున్నాం, రెండోదాన్ని వార్తలు అంటున్నాం.

భయపెట్టే కార్యక్రమం సంగతి ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో తబ్లీగీ జమాత్ పేరు చెప్పి, ఒక రోగాన్ని ఒక సముదాయానికి అంటగట్టి, రాత్రింబవళ్ళు ఎలా ఊదరగొట్టారో మనం మరచిపోలేదు. ఆ ఏడాది ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ జమాతీలపై కేసులు కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారనీ, మీడియాలో పెద్దయెత్తున దుష్ప్రచారం సాగిందనీ తప్పుపట్టింది. తీర్పు వచ్చిన రోజున ఏ యాంకరూ అంత గొంతు పెంచి దాన్ని చదవలేదు. కూరగాయల బండివాడి పేరు అడిగి వెళ్ళగొట్టినవాళ్ళకు ఆ తీర్పు చేరనే లేదు.

అయితే నవ్వించే కార్యక్రమం మాటేమిటి? దాని గురించి మనం ఎన్నడూ మాట్లాడుకోము. తెలుగు టీవీ కామెడీలో మగనటుడు చీరకట్టి, గొంతు సన్నం చేసి, చప్పట్లు కొట్టి నవ్వించడం ఏళ్ళ తరబడి సాగుతున్న వ్యాపారం. 2013లో జబర్దస్త్ మొదలైనప్పటి నుంచి ‘లేడీ గెటప్’ అనే మాట ఇంటింటి మాటైంది. నటుడు ఆడవేషం వేయడాన్ని నేను తప్పుపట్టడం లేదు. సురభి నాటకాలకూ కూచిపూడి భాగవతులకూ పుట్టినిల్లైన ఈ భాషకు అది కొత్తా కాదు, సిగ్గుచేటూ కాదు. కానీ ఆ వేషం నవ్వు పుట్టించేది దేనివల్ల? ఎదుటి పాత్ర ఒక చెంపదెబ్బ కొట్టడంవల్ల, ఒక బూతుమాట అనడంవల్ల, ‘నువ్వు ఆడా మగా’ అని నిలదీయడంవల్ల. ఆ ప్రశ్నకు మన ఇళ్ళలో పిల్లలు పడీపడీ నవ్వుతారు. మర్నాడు బస్టాండులో ఒక హిజ్రా కనబడితే అదే ప్రశ్న, అదే గొంతుతో వేస్తారు. పిల్లలది తప్పు అనలేము. నిన్న రాత్రి నేర్పింది మనమే.

ఆ షోలో ఆడవేషాలతో పేరు తెచ్చుకున్న ప్రియాంక సింగ్, 2021లో బిగ్‌బాస్ తెలుగు ఐదో సీజన్‌కు ట్రాన్స్‌జెండర్ మహిళగా వచ్చారు. అంతకు రెండేళ్ళ ముందే మూడో సీజన్‌లో తమన్నా సింహాద్రి కనిపించారు. ఆమె ఆ ఏడాదే మంగళగిరిలో ఎన్నికల బరిలోనూ నిలిచారు. వేషం తీసేసి మనిషి మాట్లాడటం మొదలుపెట్టేసరికి చూసేవాళ్ళకు ఇబ్బంది కలిగింది. వేషానికి నవ్వినవాళ్ళే మనిషిని చూసి ఛానల్ మార్చారు. ఇది నాకు చాలా అర్థవంతంగా తోస్తుంది.

మన పొరుగుదేశాల సంగతి చూడండి. 2018 మార్చిలో లాహోరులో మార్వియా మాలిక్ అనే యువతి కోహెనూర్ టీవీలో వార్తలు చదివి పాకిస్తాన్‌లో తొలి ట్రాన్స్‌జెండర్ న్యూస్ యాంకర్ అయ్యారు. 2021 మార్చి 8న ఢాకాలో తష్నువా అనన్ శిశిర్ బైశాఖీ టీవీలో బులెటిన్ చదివారు. మనకు దక్షిణాన కోయంబత్తూరులో పద్మినీ ప్రకాశ్ 2014 ఆగస్టు 15నే ఆ పని చేశారు. నవ్వించడానికి కాక వార్త చెప్పడానికి కెమెరా ముందు కూర్చోవడమే ఈ ముగ్గురూ సాధించిన మార్పు. ముస్లింలు అధికంగా ఉన్న దేశాల్లో ఇది సాధ్యమైందని చెప్పుకోవడానికి మనకు గర్వంగానే ఉంటుంది. కానీ 2023 ఫిబ్రవరిలో అదే లాహోరులో మార్వియాపై తుపాకీ కాల్పులు జరిగాయి. ఆమె ప్రాణాలతో బయటపడ్డారు. రెండు సంగతులూ కలిపి చెప్పుకోవడమే న్యాయం.

ఇప్పుడు మన గడ్డ మీదికి వద్దాం. హిజ్రాల విషయంలో అనుమానాన్ని చట్టంగా రాసినది ఏ టీవీ ఛానలూ కాదు, మన హైదరాబాదు సంస్థానమే. ఫస్లీ 1329లో, అంటే 1919లో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో ఒక చట్టం వచ్చింది. తరువాతి కాలంలో అది ఆంధ్రప్రదేశ్ (తెలంగాణ ప్రాంత) నపుంసకుల చట్టంగా కొనసాగింది. పిల్లలను ఎత్తుకుపోతారనో, వృషణాలు తొలగిస్తారనో, అసహజ నేరాలు చేస్తారనో ‘అనుమానం’ ఉన్నవాళ్ళందరి పేర్లూ ఒక రిజిస్టరులో రాసిపెట్టాలని అది ఆదేశించింది. రిజిస్టరులో ఉన్న వ్యక్తి ఆడదుస్తులు, నగలు ధరించి వీధిలో కనబడితే, లేదా పాటపాడి నాట్యం చేస్తే, వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ళ వరకు జైలు. పదహారేళ్ళలోపు బాలుడు వాళ్ళ ఇంట్లో ఉన్నా నేరమే. నేరం జరిగిందా లేదా అన్న ప్రశ్నే లేదు. అనుమానం ఉంటే చాలు.

ఈ ఆలోచనకు మూలం బ్రిటిషువాళ్ళ 1871 నాటి నేరస్థ తెగల చట్టం. కొన్ని తెగలను పుట్టుకతో దొంగలని ముద్రవేసిన చట్టమే ఇంకొక అధ్యాయంలో హిజ్రాలకూ రిజిస్టరు తెరిచింది. స్వతంత్ర భారతం 1952లో నేరస్థ తెగల చట్టాన్ని రద్దు చేసింది. నిజాం చట్టం మాత్రం ఎవరి కంటా పడకుండా తెలంగాణలో మిగిలిపోయింది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు 2018లో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసేదాకా, 2023 జులైలో ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్‌రెడ్డి ధర్మాసనం దాన్ని కొట్టివేసేదాకా అది చట్టపుస్తకంలో బతికే ఉంది. ఒక సముదాయం మొత్తాన్ని నేరస్థులుగా చూడటం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమని కోర్టు తేల్చింది. విద్యలో, ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్ గురించీ, ఆసరా పింఛను గురించీ కూడా ఆదేశాలిచ్చింది.

నిజాం పేరు ఎత్తగానే మనలో కొందరికి గుండె నొచ్చుకుంటుంది. ఉస్మానియా ఆసుపత్రి, ఉస్మానియా విశ్వవిద్యాలయం గుర్తొస్తాయి, రావలసిందే. వాటి సరసన ఈ రిజిస్టరునూ పెట్టుకోవాలి. మన పూర్వపాలకుల మంచిని మాత్రమే వారసత్వంగా తీసుకుంటామంటే ఎదుటివాళ్ళు వాళ్ళ చెడును మాత్రమే మనకు వారసత్వంగా కట్టబెడతారు.

చట్టం పోయినా అందులోని అనుమానం పోలేదు. 2018 మే నెల చివరిలో, రంజాన్ రోజుల్లో, ‘పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయి’ అన్న పుకారు వాట్సాప్‌లో రాష్ట్రమంతా పాకింది. అప్పుడే మహబూబ్‌నగర్ వైపు నుంచి హైదరాబాదు వచ్చిన నలుగురు ట్రాన్స్‌జెండర్లను చాంద్రాయణగుట్టలో గుంపు చుట్టుముట్టింది. దానధర్మాలు ఎక్కువగా జరిగే నెల కదా అని అడుక్కోవడానికి వచ్చినవాళ్ళు వాళ్ళు. వారిలో ఒకరు ఆ రాత్రి రాళ్ళదెబ్బలకు చనిపోయారు. వయసు యాభై దాటిన మనిషి. ఆ గుంపు వేసిన నేరారోపణ ఏమిటో గమనించండి: పిల్లలను ఎత్తుకుపోవడం. 1919 నాటి రిజిస్టరులో రాసిన అదే మాట, తొంభై తొమ్మిదేళ్ళ తరువాత ఒక ఫోను తెరమీద తిరిగి పుట్టింది.

పాతబస్తీ మనది. గుంపు చేసే హత్య అంటే ఏమిటో ఈ దేశంలో మనకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. దాద్రీలో మాంసం అన్నారు, అల్వార్‌లో ఆవు అన్నారు. అనుమానం ముందు పుట్టింది, మనిషి తరువాత చచ్చాడు. మక్కా మసీదు పేలుడు తరువాత పట్టుకుపోయిన మన పిల్లలు నిర్దోషులుగా తిరిగి వచ్చినా, ఇల్లు అద్దెకు దొరకడానికి ఎంత తిరిగారో తెలుసు. అటువంటి మనం, మన వీధిలో అదే పని జరిగితే దాన్ని ‘పొరపాటున జరిగింది’ అని పక్కకు తోసేయగలమా? చనిపోయిన వ్యక్తి ఏ మతస్థుడన్న ప్రశ్న నాకు అవసరం లేదు. సూరా హుజురాత్‌లో ఎగతాళి, చెడ్డపేర్లు పెట్టడం, అతిగా అనుమానించడం, ఇతరుల గుట్టు ఆరా తీయడం అన్నవి ఒకదాని వెంట ఒకటి నిషిద్ధాలుగా వస్తాయి. టీవీ కామెడీ మొదటి రెండింటిని పోషిస్తుంటే, టీవీ వార్తలు చివరి రెండింటిని పోషిస్తున్నాయి.

పేర్ల విషయం వచ్చింది కనుక ఒక మాట. తెలుగులో తిట్టుగా వాడే ‘కొజ్జా’ మన ఉర్దూలోని ‘ఖ్వాజా’, ‘ఖోజా’ నుంచి వచ్చినదే. ఒకనాడు మొగలు అంతఃపురాల్లో ఖ్వాజాసరా అంటే పెద్ద అధికారి. మదీనాలో ప్రవక్త మసీదుకు సేవకులుగా శతాబ్దాల పాటు నియమితులైన ‘ఆగా’లు కూడా నపుంసకులే. వాళ్ళూ నేటి ట్రాన్స్‌జెండర్లూ ఒకటే అని నేను అనడం లేదు. గౌరవవాచకం తిట్టుగా మారే దారిలో మన సమాజం కూడా నడిచిందని మాత్రమే అంటున్నాను.

‘ఇది షరీఅత్‌కు సంబంధించిన విషయం, మీరెందుకు కల్పించుకుంటారు’ అని అడిగేవారుంటారు. అడగాలి కూడా. హనఫీ ఫిఖహ్ గ్రంథం హిదాయాలో ఖున్సా గురించి ప్రత్యేక అధ్యాయమే ఉంది. నమాజు వరుసలో ఎక్కడ నిలబడాలి, వారసత్వంలో వాటా ఎంత, మరణిస్తే గుసుల్ ఎలా అని ఆ కాలపు పండితులు లెక్కకట్టి చెప్పారు. అంటే ఆ మనిషికి మసీదులో చోటు, ఆస్తిలో వాటా, ఖబరస్తాన్‌లో జాగా ఉంటాయన్నది వారికి ముందే ఖరారైన సంగతి. 2016లో లాహోరులో తంజీమ్ ఇత్తిహాదె ఉమ్మత్‌కు చెందిన ఉలమా ఇచ్చిన ఫత్వా కూడా వారసత్వం ఎగ్గొట్టడాన్ని తప్పుపట్టింది, ఇతర ముస్లింలకు జరిగినట్టే జనాజా జరగాలంది. మనసుకు తోచిన లింగాన్ని పత్రాల్లో రాసుకోవచ్చా అన్న విషయంలో మాత్రం ఉలమాలో గట్టి విభేదం ఉంది. పాకిస్తాన్ 2018లో చేసిన చట్టంలోని ఆ భాగాలనే 2023 మేలో అక్కడి ఫెడరల్ షరీఅత్ కోర్టు కొట్టివేసింది. ఇరాన్‌లో మరో రకమైన ఫత్వా నడుస్తున్నది. ఆ చర్చ పండితులు చేసుకోనీయండి. కానీ ఆ చర్చ తేలేదాకా ఒక మనిషిని ఇంట్లోంచి గెంటివేయవచ్చని ఏ మజ్‌హబూ చెప్పలేదు.

గెంటివేసింది మనమే కనుక వాళ్ళు వెళ్ళిన చోటు గురించి కూడా తెలుసుకోవాలి. హైదరాబాదు హిజ్రాల మధ్య ఏళ్ళ తరబడి అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త గాయత్రీ రెడ్డి 2005లో ఒక పుస్తకం వెలువరించారు. ఏ మతంలో పుట్టినా అక్కడి హిజ్రాలు తమను ముస్లిం ఆచారాలతో గుర్తించుకోవడం, ఒకరికొకరు సలాం చేసుకోవడం, చనిపోతే ఖననం చేయడం ఆమె గమనించారు. మనం తలుపు మూసినా వాళ్ళు సలాంను వదల్లేదు. ఇటీవలి రాజకీయం ఆ గురుపరంపరల్లోకీ ప్రవేశించింది. 2018లో కిన్నర్ అఖాడా నాయకత్వం అయోధ్య మందిరానికి మద్దతు పలికితే, దేశంలోని అనేక ట్రాన్స్‌జెండర్ సంఘాలు అది మా మాట కాదు, మా ఇళ్ళలో హిందువూ ముస్లిమూ కలిసే ఉంటారు అని బహిరంగంగా ఖండించాయి. మన సంస్థలు ఆ ఖండనను గమనించిన దాఖలా నాకు కనబడలేదు.

2024 డిసెంబరులో హైదరాబాదులో 39 మంది ట్రాన్స్‌జెండర్లు ట్రాఫిక్ అసిస్టెంట్లుగా చేరారు. టీవీలు ఆ వార్తను రెండు రోజులు వేడుకగా చూపాయి. 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు చేరినప్పుడూ అంతే. మంచిదే. అయితే 2014 ఏప్రిల్ 15నాటి నల్సా తీర్పులో సుప్రీంకోర్టు వీరిని సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గంగా పరిగణించి రిజర్వేషన్ ఇవ్వమన్నది. ఇక్కడ మనకు నేరుగా సంబంధించిన చిక్కు ఉంది. వీరందరినీ బీసీల్లో ఒక గ్రూపుగా కలిపితే, బీసీ-ఇ కింద 4 శాతం కోటాకు అర్హులైన ముస్లిం ట్రాన్స్‌జెండర్ యువతి ఏదో ఒకటే ఎంచుకోవలసి వస్తుంది. కర్ణాటక 2021లో చేసినట్టు ప్రతి వర్గంలోనూ 1 శాతం అడ్డంగా కేటాయిస్తే, ఎస్సీ ఎస్సీగానే, బీసీ-ఇ బీసీ-ఇగానే ఉంటూ ట్రాన్స్‌జెండర్‌గానూ హక్కు పొందవచ్చు. నాలుగు శాతం కోసం కోర్టుల చుట్టూ ఏళ్ళుగా తిరుగుతున్న మన సంఘాలు తమ వినతిపత్రాల్లో ఈ ఒక్క వాక్యం చేర్చడానికి అయ్యే ఖర్చేమీ లేదు.

ఇక మన దగ్గర చేయగలిగినవి. జాన్‌పహాడ్ సైదులు ఉర్సుకు జనవరిలో మన చుట్టుపక్కల ఊళ్ళనుంచి హిందువులూ ముస్లింలూ తరలివెళ్తారు. అక్కడ ఎవరి పేరూ కులమూ అడిగేవారుండరు. ఆ దర్గాలో ఉన్న పాటి వెసులుబాటు మన మసీదు కమిటీల జకాత్ జాబితాల్లో ఎందుకుండదు? రంజాన్ వస్తున్నది. వితంతువులు, అనాథలు, అప్పులవాళ్ళు అని జాబితాలు రాస్తున్నాం. మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట పట్టణాల్లో అద్దెగదుల్లో ముగ్గురు నలుగురుగా ఉంటున్న హిజ్రాల్లో మన బిడ్డలు ఎంతమందో కమిటీలు ఒకసారి కనుక్కోవాలి. 2019 చట్టం ప్రకారం గుర్తింపు పత్రం కోసం కలెక్టరు కార్యాలయానికి దరఖాస్తు పెట్టుకోవాలి. ఇంటి చిరునామా, ఆధార్ లేనివాళ్ళు అక్కడే ఆగిపోతారు. ఎన్‌ఆర్‌సీ భయం రోజుల్లో కాగితాలు సరిచేయడానికి మన యువకులు మసీదుల్లో బల్లలు వేసుకుని కూర్చున్నారు. ఆ బల్లలూ ఉన్నాయి, ఆ యువకులూ ఉన్నారు.