ఊడ్చినా పోని మెరుపు

పెళ్లి అయిపోతుంది. వలీమా భోజనాలు ముగుస్తాయి. చుట్టాలు బస్సెక్కుతారు. షామియానా విప్పేస్తారు, కుర్చీలు లెక్కపెట్టి బండికెక్కిస్తారు. అందరూ వెళ్లిపోయినా ఒకటి మాత్రం వెళ్లదు. అది చమ్కీ పొడి. వేదిక మీద చల్లినదీ, పెళ్లికూతురి మెహందీ మీద అద్దినదీ, శుభలేఖ మీద అంటించినదీ నేల మీద మిగిలిపోతుంది. చీపురు పెడితే చెదురుతుంది. తడిగుడ్డ పెడితే గుడ్డకు అంటుకుంటుంది. నీళ్లు కొడితే కాలువలోకి పోతుంది. వారం గడిచాక కూడా పిల్లవాడి బుగ్గ మీదో, అన్నం పళ్లెం అంచునో ఒక తళుకు కనిపిస్తూనే ఉంటుంది.

తగరపువలసలో ఒక శుభకార్యం మరునాటి ఉదయం మేము ఈ దృశ్యం చూశాము. హాలు కడిగిన నీరు గుమ్మం దాటి రోడ్డు పక్క కాలువలో పడింది. ఆ నీటి మీద ఎరుపు, పచ్చ, వెండి రంగుల తళుకులు తేలుతూ పోయాయి. చూడటానికి బాగానే ఉంది. కాని ఆ నీరు ఎక్కడికి చేరుతుందో తెలిసినవారికి అది సంతోషం కలిగించదు. ఈ ఊరి వాన నీరైనా, వాడిన నీరైనా పల్లం వెతుక్కుంటూ పోయేది గోస్తని వైపే. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి జలాశయం దాటి వచ్చే ఈ ఏరు మన ఊరిని ఒరుసుకుంటూ వెళ్లి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంటే పెళ్లి వేదిక మీద చల్లిన పొడికీ, భీమిలి జాలరి వలకూ మధ్య దూరం కొన్ని మైళ్లే.

ఈ ప్లాస్టిక్ చమ్కీ పొడిని నిషేధించాలా, వద్దా? నిషేధించాలన్నదే మా అభిప్రాయం. అయితే ఆ నిషేధం ఎక్కడ మొదలుకావాలి, ఎవరి మీద పడాలి అన్నది కూడా అంతే ముఖ్యం. ఈ రెండు మాటలూ కలిపి చెప్పకపోతే న్యాయం కాదు.

కాకిబంగారం నుంచి ప్లాస్టిక్ దాకా

మెరుపు మీద మోజు కొత్తది కాదు. తళుకు రేకుకు మన భాషలో కాకిబంగారం అన్న చక్కని పేరే ఉంది. మన ఊరి పేరులోనే తగరం అన్న మాట వినిపిస్తుంది. ఒకప్పుడు తగరపు రేకులు, అభ్రకం తునకలు, గాజు పొడి, జరీ పోగులు మన పండుగలకూ పెళ్లిళ్లకూ మెరుపునిచ్చేవి. పీర్ల చావిడి అలంకరణ అయినా, పెళ్లి పందిరి అయినా వాటితోనే. అవి రాలి మట్టిలో కలిస్తే మట్టికి కొత్త కాదు, మట్టిలోంచి వచ్చినవే.

ఇప్పుడు పది, ఇరవై రూపాయల డబ్బాల్లో దొరికే పొడి వేరు. మనం తాగి పారేసే నీళ్ల సీసా ఏ జాతి ప్లాస్టిక్కో, సాధారణంగా ఇదీ ఆ జాతిదే. పల్చని ప్లాస్టిక్ పొర మీద అల్యూమినియం పూత పూస్తారు. దాని మీద రంగు వేస్తారు. తర్వాత యంత్రాలతో సన్నగా, ఎక్కువగా ఆరు మూలల ముక్కలుగా కోస్తారు. కొన్ని ముక్కలు ఉప్పు రవ్వంత ఉంటాయి. కొన్ని అంతకన్నా సన్నం.

అయిదు మిల్లీమీటర్ల కన్నా చిన్న ప్లాస్టిక్ ముక్కలను శాస్త్రజ్ఞులు మైక్రోప్లాస్టిక్ అంటున్నారు. సంచీ, సీసా వంటివి ఎండకు ఎండి, అలలకు నలిగి, ఏళ్ల తరబడి చిట్లితే గాని ఆ స్థితికి రావు. చమ్కీ పొడికి ఆ శ్రమ లేదు. అది పుట్టడమే మైక్రోప్లాస్టిక్‌గా పుడుతుంది. చేపకూ, రొయ్యకూ, నత్తకూ అది మేతలాగే కనబడుతుంది.

ఏరగలిగినది, ఏరలేనిది

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. అది న్యాయమైనదే. సముద్రంలో చేరే ప్లాస్టిక్‌లో ఈ పొడి ఎంత? చాలా కొద్ది. వాహనాల టైర్లు అరిగి రాలే ధూళి, నైలాను, పాలియెస్టరు బట్టలు ఉతికినప్పుడు ఊడే పోగులు, తెగిన వలలు, కూడళ్లలోని ఫ్లెక్సీలు - వీటి ముందు చమ్కీ పొడి ఏపాటి? ఏనుగులను వదిలి ఎలుకను పట్టడం కాదా?

లెక్క ప్రకారం ఆ మాట నిజం. కాని పరిమాణం ఒక్కటే కొలత కాదని మేము అనుకుంటున్నాము. రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఒకటి, ఆ వస్తువు లేకపోతే బతుకు ఆగుతుందా? రెండు, వాడిన తర్వాత దాన్ని తిరిగి ఏరగలమా? టైరు లేకపోతే బస్సు కదలదు. వల లేకపోతే జాలరి ఇంట పొయ్యి వెలగదు. వాటికి మందు వెతకడానికి కాలం పడుతుంది. చమ్కీ పొడి లేకపోతే ఏ నికాహ్ ఆగదు. ఇక ఏరడం మాటకు వస్తే, సీసాను చెత్త ఏరేవారు ఏరుతారు. ఫ్లెక్సీని విప్పవచ్చు. చెట్టుకు చిక్కిన సంచీని కర్రతో లాగవచ్చు. ఈ పొడిని ఏరే చెయ్యి ఇంకా పుట్టలేదు.

మన చట్టానికి ఈ తర్కం కొత్త కాదు. 120 మైక్రాన్ల కన్నా పల్చని చేతి సంచులను 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతా నిషేధించారు. ఎందుకు? పల్చని సంచీకి విలువ లేదు, అందుకే ఎవరూ ఏరరు. ఏరనిది కాలువలో చేరుతుంది. సంచీకి వర్తించిన న్యాయం, అంతకన్నా పల్చని పొరను వేల ముక్కలుగా కోసి అమ్మితే వర్తించదా? అదే 2022లో, జూలై 1 నుంచి, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని కేంద్రం నిషేధించింది. బెలూన్ల పుల్లలు, ప్లాస్టిక్ జెండాలు, మిఠాయి పెట్టెల మీద, ఆహ్వాన పత్రికల మీద చుట్టే పొరలు, అలంకరణకు వాడే థర్మోకోల్ - ఇవన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. అంటే వేడుకల సామగ్రి చట్టం కంటికి కనబడకపోలేదు. ఆహ్వాన పత్రిక మీది పొర కనబడింది, ఆ పత్రిక మీది చమ్కీ మాత్రం కనబడలేదు. ఆ ఒక్క మాటా జాబితాలో చేర్చాలన్నదే మేము కోరేది.

ఈ దారిలో ముందు నడిచినవారు ఉన్నారు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2023 అక్టోబరు 17 నుంచి విడి ప్లాస్టిక్ మెరుపు పొడి అమ్మకానికి తెర దించారు. అయితే కళ్లు మూసుకుని చేయలేదు. అప్పటికే మార్కెట్లోకి వచ్చిన సరకును అమ్ముకోనిచ్చారు. ముఖానికీ, పెదవులకూ, గోళ్లకూ వాడే సామగ్రికి 2035 దాకా గడువిచ్చారు. గాజు, లోహం వంటి వాటితో చేసిన మెరుపుల జోలికి పోలేదు. ఊడిపోకుండా గట్టిగా అంటుకుని ఉన్నదానికీ, విడిగా చల్లుకునేదానికీ తేడా చూశారు. మనమూ ఆ తేడా చూడాలి. దుపట్టా అంచుకు కుట్టిన చమ్కీ వేరు, గాలిలో చల్లే పొడి వేరు. జరీ పనివారి జోలికి ఈ నిషేధం పోకూడదు.

మెహందీ ఆపా అడిగిన ప్రశ్న

మా వీధికి దగ్గరలో ఒక ఆపా ఉంది. రంజాన్ చివరి రోజుల్లో, చాంద్ రాత్ నాడు, పెళ్లిళ్ల కాలంలో చేతులకు మెహందీ పెట్టి ఇల్లు నడుపుతుంది. గోరింటాకు కోన్‌తో గీతలు గీసి, మధ్యలో చమ్కీ అద్దితే చేతికి ఇంకో యాభై రూపాయలు వస్తాయి. ఈ విషయం మాట్లాడుతుంటే ఆమె సూటిగా అడిగింది.

"భయ్యా, నిషేధం అంటే మొదట మా డబ్బాల దగ్గరికే వస్తారు కదా? దీన్ని చేసే ఫ్యాక్టరీ దగ్గరికి ఎప్పుడు వెళతారు?"

మా దగ్గర తడుముకోకుండా చెప్పే జవాబు లేదు. ఎందుకంటే ఆమె భయం అనుభవంలోంచి పుట్టింది. ప్లాస్టిక్ సంచుల నిషేధంలో జరిమానా ముందు పడేది తోపుడు బండి మీదే. ఫ్యాన్సీ దుకాణం, గాజుల బండి, కార్డులు అచ్చువేసే చిన్న ప్రెస్సు, స్టేజి కట్టే కుర్రాళ్లు - ఈ పనుల్లో మనవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల పొట్ట కొట్టి సముద్రాన్ని కాపాడామని చెప్పుకుంటే ఆ మాటకు బరువు ఉండదు.

ఈ ప్రాంతానికి ఈ నొప్పి రెండు వైపులా తెలుసు. పక్కనే చిట్టివలస జూట్ మిల్లు ఉండేది. వేల కుటుంబాలు ఆ సైరన్ మోతతో నిద్ర లేచేవి. ప్లాస్టిక్ సంచులు వచ్చి గోనె సంచుల మార్కెట్టును తినేస్తున్నాయని గ్రహించి, ధాన్యం, చక్కెర వంటి సరకులకు గోనె సంచులే వాడాలని కేంద్రం 1987లోనే చట్టం చేసింది. అయినా 2009లో మన మిల్లు మూతపడింది. మూతకు కారణాలు అనేకం, అన్నీ ప్లాస్టిక్ మీద వేయలేం. కాని మట్టిలో కలిసే వస్తువును చేసే చేతులు ఖాళీ అయితే ఎలా ఉంటుందో, తలుపు ఒక్కరోజులో మూస్తే వీధి ఏమవుతుందో తగరపువలస సంతకు వచ్చేవారిని అడిగితే చెబుతారు.

అందుకే నిషేధానికి ఒక వరుస ఉండాలి. మొదట తయారీ, దిగుమతి ఆగాలి. తర్వాత టోకు వ్యాపారం. చిల్లర దుకాణాలకు చేతిలోని సరకు అమ్ముకోవడానికి గడువు ఇవ్వాలి. జరిమానా పుస్తకం చివరన రావాలి, మొదట కాదు. తేదీ ఒకసారి ప్రకటించాక మాత్రం మార్చకూడదు. 2022 ఆగస్టు 26న విశాఖలోనే ముఖ్యమంత్రి ఫ్లెక్సీల నిషేధం ప్రకటించారు. ప్రింటర్ల గోడు విని గడువును 2023 జనవరి 26కు జరిపారు. ఆ తర్వాత కూడా కూడళ్లలో ఫ్లెక్సీలు కనబడుతూనే వచ్చాయి. ఆ రోజు ఫ్లెక్సీ వదిలి గుడ్డ మీద అచ్చుకు మారిన నిజాయితీపరుడే నష్టపోయి ఉంటాడు. జరుగుతూ పోయే తేదీ, మాట విన్నవాడికే శిక్ష.

బదులు ఏమిటి?

"పర్యావరణానికి మంచిది" అన్న చీటీ అంటించిన పొడులు ఇప్పుడు వస్తున్నాయి. చీటీని చూసి నమ్మేయడం మంచిది కాదు. ఇంగ్లండ్‌లోని ఆంగ్లియా రస్కిన్ విశ్వవిద్యాలయం వారు 2020లో వెల్లడించిన పరిశోధనలో, మామూలు ప్లాస్టిక్ పొడే కాదు, మట్టిలో కలుస్తుందని అమ్మే పొడి కూడా నీటి మొక్కల వేళ్లను ఎదగనీయలేదని తేలింది. అలాగని ఆశ లేకపోలేదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వారు 2021లో మొక్కల పీచు పదార్థంతో, ప్లాస్టిక్ గాని లోహం గాని లేకుండా మెరిసే రేకు తయారుచేసి చూపారు. అది మన ఫ్యాన్సీ దుకాణం చేరేదాకా ఆగాలి. ఇక అభ్రకం సహజమైనదే అయినా, జార్ఖండ్ అభ్రకం గనుల్లో పిల్లల చేత పని చేయిస్తున్నారన్న సంగతి బయటపడిన తర్వాత, అది ఎవరు తవ్వినదో అడగకుండా కొనలేం.

నిజానికి బదులు వెతకడానికి అంత దూరం పోనక్కరలేదు. చాంద్ రాత్ నాడు చేతికి కావలసింది ఎర్రగా పండిన గోరింటాకే. చమ్కీ లేని చెయ్యి బోసిగా ఉందని మన అమ్మమ్మలు ఎన్నడూ అనలేదు. స్టేజికి మల్లె, బంతి దండలు ఉన్నాయి. మీలాద్ తోరణాలకు రంగు కాగితం ఉంది. ఆపాకు తగ్గే యాభై రూపాయల మాట మాత్రం మరవకూడదు. ముగ్గు పొందికగా, నైపుణ్యంగా వేసినందుకు ఆ యాభై మనమే కలిపి ఇద్దాం. పొడికి ఇచ్చే డబ్బు పనితనానికి ఇవ్వడం తప్పు కాదు గదా!

ఇది ఒక మతం వారి మాట కాదు. వినాయక మండపాల్లోనూ, క్రిస్మస్ నక్షత్రాల మీదా, బడిపిల్లల చార్టుల మీదా ఇదే పొడి. కాని ఇతరులకు చెప్పే ముందు మన ఇల్లు చూసుకోవడం మర్యాద. దారిలో బాధ కలిగించే వస్తువును తొలగించడం కూడా దానమేనని చిన్నప్పటి నుంచి విన్నవాళ్లం. ముల్లు అయితే వంగి తీసి పక్కన పడేస్తాం. తీయడానికే వీలుకాని ముల్లును మనమే చల్లుతుంటే ఏమనాలి? దుబారా కూడదని చెప్పిన ధర్మంలో, ఒక్క పూట మెరుపు కోసం వందల ఏళ్ల చెత్తను కొనడాన్ని ఏ లెక్కలో వేయాలి?

చట్టం వచ్చేదాకా మసీదు కమిటీలు ఒక పని చేయవచ్చు. నికాహ్ తేదీ రాయించుకోవడానికి వచ్చిన పెద్దలతో, కానుకల మాట, భోజనాల మాట చెప్పినట్టే ఈ మాటా చెప్పవచ్చు. "బాబాయ్, పొడి చల్లించకండి, పూలు చల్లించండి" అంటే కాదనేవారు తక్కువ. శుభలేఖ అచ్చుకు ఇచ్చేటప్పుడు చమ్కీ లేని నమూనా అడగవచ్చు. అడిగేవారు పెరిగితే దుకాణంవారు సరకు మారుస్తారు.

రేపు వానలు పడతాయి. ఊరి కాలువలన్నీ ఒక్కసారి కడుక్కుని గోస్తనిలో పడతాయి. ఆ నీటిలో మనం వేసినవన్నీ ఉంటాయి. పెద్దవాటిని ఎవరో ఒకరు ఏరుతారు. ఏరలేని వాటిని వేయకుండా ఉండటమే మన చేతిలో ఉన్నది.