ఇంటి వాసన ఇల్లాలి తప్పా?

ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. ఇంటిని చూడమన్నారే గానీ వాసన చూడమనలేదు. ఇప్పుడు ఆ ముచ్చటా తీరిపోయింది. గుమ్మంలో అడుగుపెట్టిన చుట్టం ఒకప్పుడు "ఏం వండావమ్మా, వీధిలోకే వాసనొస్తోంది" అంటే మనకి సంతోషంగా ఉండేది. ఇప్పుడదే మాట వింటే గుండె గుభేలుమంటోంది. టీవీ ప్రకటనలో చుట్టం ముక్కు చిట్లిస్తుంది, ఇల్లాలు సిగ్గుతో తల దించుకుంటుంది, వెంటనే ఓ స్ప్రే డబ్బా వచ్చి ఆవిడ పరువు కాపాడుతుంది. ఇంగువ తాలింపు కూడా దాచుకోవాల్సిన తప్పయిపోయింది!

ఈ వరసలో ఈమధ్య చాలా ఇళ్లల్లో కనిపిస్తున్నది డిఫ్యూజర్. నీళ్లు పొయ్యక్కర్లేదు, వేడి చెయ్యక్కర్లేదు, పొగ రాదు, ఇల్లంతా పరిమళం అంటూ అమ్ముతున్నారు. గృహప్రవేశాలకి వెండి కుంకుమభరిణెకి బదులు ఇవే బహుమతులుగా వస్తున్నాయి. నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. అందుకని స్టాఫ్ రూంలో ఎవరేం కొన్నా పంచాయితీ నా దగ్గరికే వస్తుంది. "నీళ్లూ నిప్పూ లేకుండా వాసన ఎలా వస్తుంది టీచర్? లోపల ఏదైనా మందు పెట్టారా?" అని మా తెలుగు టీచరు అనుమానంగా అడిగింది. ఆ అనుమానం మంచిదే. డబ్బు పోసి కొన్న వస్తువు ఎలా పనిచేస్తుందో తెలుసుకుంటే, దాన్ని ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో కూడా తెలుస్తుంది.

కొబ్బరిబొండాం కిటుకే

ఇదేమంత బ్రహ్మవిద్య కాదు. కొబ్బరిబొండాంలో స్ట్రా పెట్టి పీల్చినప్పుడు ఏం జరుగుతుంది? మనం నోట్లో గాలి పీడనం తగ్గిస్తాం. బయటి గాలి నీళ్లని కిందినుంచి పైకి నెడుతుంది. డిఫ్యూజర్‌లో ఆ పీల్చే పని గాలే చేస్తుంది. అడుగున ఓ చిన్న పంపు ఉంటుంది. అది గాలిని సన్నని రంధ్రంలోంచి జోరుగా వదులుతుంది. ఆ గాలి, తైలంలో మునిగి ఉన్న సన్నటి గాజుగొట్టం మూతి మీదుగా దూసుకుపోతుంది. అక్కడ పీడనం తగ్గి, తైలం గొట్టంలో పైకెక్కుతుంది. ఎక్కిన తైలాన్ని అదే గాలి తుంపరలుగా చితక్కొడుతుంది. పెద్ద తుంపరలు గాజుబుడ్డి గోడలకి తగిలి మళ్లీ కిందికి జారిపోతాయి. మరీ సన్ననివి మాత్రం మంచులా బయటికొచ్చి గదిలో కలిసిపోతాయి.

వేగంగా పారే ద్రవాల్లో పీడనం తగ్గడం గురించి డానియెల్ బెర్నూలీ 1738లోనే పుస్తకం రాశాడు. మన పాతకాలపు ఇళ్లల్లో దోమలకి కొట్టే ఫ్లిట్ పంపు పనిచేసిందీ ఈ సూత్రం మీదే. ఆయాసంతో ఉన్నవాళ్లకి ఆస్పత్రిలో మూతికి మాస్కు పెట్టి మందు ఎక్కిస్తారే, ఆ నెబులైజర్ కూడా ఈ బాపతే.

దీంట్లో సుఖం లేకపోలేదు. వేడి చేస్తే తైలంలోని తేలిక భాగాలు ముందు ఎగిరిపోయి బరువైనవి మిగులుతాయి. ఇక్కడ తైలం ఉన్నది ఉన్నట్టుగా గాలిలోకి వెళుతుంది. అగరొత్తిలా పొగా మసీ ఉండవు. నీళ్లు లేవు కాబట్టి కాకినాడ, విశాఖలాంటి ఊళ్లల్లో అసలే ఉన్న తేమకి ఇంకాస్త తేమ తోడవదు. రోజుల తరబడి నీళ్లు మార్చక పాచిపట్టే బెడదా లేదు. కష్టం కూడా ఉంది. తైలంలో నీళ్లేవీ కలపరు గనుక చాలా ఘాటుగా ఉంటుంది, త్వరగా ఖర్చయిపోతుంది. పంపు చిన్నగా రొద పెడుతుంది. చందనం, వట్టివేరులాంటి చిక్కటి తైలాలు పోస్తే గొట్టం పూడుకుపోతుంది, స్పిరిటుతో కడుక్కోవాలి.

కరెంటు కూడా అక్కర్లేని రకం ఇంకోటుంది. మూతి సన్నని సీసాలో నాలుగైదు పేము పుల్లలు గుచ్చి పెడతారు. దీపం కుందిలో వత్తి నూనె పీల్చుకున్నట్టే, పుల్లలోని సన్నని నాళాలు తైలాన్ని పైకి పీలుస్తాయి. పైకొచ్చింది గాలికి ఆవిరవుతుంది. వెదురుపుల్ల అయితే కణుపు అడ్డం పడుతుంది గనుక పేము వాడతారు. ఫ్యాను కింద పెడితే వాసన గుప్పుమంటుంది, సీసా మాత్రం తొందరగా ఖాళీ అవుతుంది. కొన్ని సీసాల్లో మంటపట్టే ద్రవాలు కలుపుతారు. వాటిని దేవుడి దీపం దగ్గరా, పొయ్యి దగ్గరా పెట్టకూడదు. సీసా అందంగా ఉంటుంది కదా, పాకే పిల్లలు తాగబోతారు. వాళ్లకి అందకుండా ఉంచాలి.

అమ్మమ్మ పెట్టెలో డిఫ్యూజర్

అసలు నీళ్లూ నిప్పూ లేని పరిమళం మనకి కొత్తా? అమ్మమ్మ ట్రంకుపెట్టె మూత తీస్తే గుప్పుమన్న మొగలిరేకుల వాసన ఎక్కడినుంచి వచ్చింది? పట్టుచీరల మడతల్లో వట్టివేరు, గంధపు చెక్క పెట్టడం ఎందుకు? జలుబు చేస్తే చేతిరుమాలు మీద రెండు చుక్కలు నీలగిరి తైలం వేసుకోవడం ఏమిటి? హైదరాబాద్ పాతబస్తీలో అత్తరు అద్దిన దూదిని చెవి మడతలో పెట్టుకునేవాళ్లని చూడండి. ఆ దూదిపింజే డిఫ్యూజర్. అవన్నీ వాటంతటవే నెమ్మదిగా ఆవిరయ్యే పదార్థాలు. నిమ్మ, నారింజ వాసనలు చప్పున ఎగిరిపోతాయి. చందనం, వట్టివేరు బరువైనవి, తీరిగ్గా కదులుతాయి. అందుకే అవి పెట్టెలో ఏడాదైనా ఉంటాయి.

అయితే పాతదంతా మంచిదేననీ అనలేం. కలరా ఉండల సంగతే తీసుకోండి. నీళ్లూ నిప్పూ లేకుండా గట్టి ఉండలోంచి నేరుగా ఆవిరయ్యే నాఫ్తలీన్ అది. మన ఇళ్లల్లో పుట్టిన బిడ్డకి పాతబట్టలు వెయ్యడం ఆచారం. బీరువాలో కలరా ఉండల మధ్య దాచిన మెత్తటి పాతచీర తీసి అలాగే బిడ్డకి చుట్టేస్తాం. జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన పిల్లలకి ఆ ఆవిరి విషమే. ఎర్ర రక్తకణాలు చితికిపోయి, కామెర్లు ముదిరి, ప్రాణం మీదికి రావొచ్చు. ఆ లోపం బిడ్డకి ఉందో లేదో పైకి చూస్తే తెలియదు. కాబట్టి పసిబిడ్డ బట్టల దగ్గర కలరా ఉండలు పెట్టనే కూడదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు, నేనీ వ్యాసం రాసినందుకు ఫలితం దక్కినట్టే.

కొత్తవాటికీ ఇదే లెక్క. 'సహజ తైలం' అని అట్టపెట్టె మీద రాస్తే నిశ్చింత పడిపోతాం. ఉమ్మెత్తకాయ మాత్రం సహజం కాదా? ఆస్పత్రి నెబులైజర్ సంగతి చెప్పాను కదా. మందు ఊపిరితిత్తుల దాకా పోవాలనే దాన్ని అంత సన్నని తుంపరగా చేస్తారు. మందు పోయే దారిలో తైలం మాత్రం పోదా? ఉబ్బసం ఉన్నవాళ్లకి ఘాటు వాసనే ఆయాసం తెప్పించవచ్చు. నిమ్మ, నారింజ తైలాల్లోని లిమోనిన్ గాలిలోని ఓజోన్‌తో కలిస్తే కొద్ది పాళ్లలో ఫార్మాల్డిహైడ్ పుడుతుందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. అందుకే తలుపులు బిగించుకుని రాత్రంతా నడపొద్దు. కిటికీ తీసి పదిహేను నిమిషాలు నడిపి ఆపెయ్యండి. నెలల పిల్లలూ, ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లూ పడుకునే గదిలో అసలే వద్దు. పిల్లిని పెంచుకునేవాళ్లు మరీ జాగ్రత్త. కొన్ని తైలాలు వాటి ఒంట్లో అరగవు.

ఇంకో తమాషా ఉంది. ఏ వాసనకైనా మన ముక్కు కాసేపటికి అలవాటు పడిపోతుంది. మనకి తెలియడం లేదని ఇంకొంచెం పెంచుతాం. బయటినుంచి వచ్చినవాళ్లకి తల తిరుగుతుంది!

వాసన ఒక కబురు

నాకున్న అసలు అభ్యంతరం వేరే. డిఫ్యూజర్ గాలిని శుభ్రం చెయ్యదు. ఉన్న వాసన మీద ఇంకో వాసన కప్పుతుంది, అంతే. వాసన అంటే శత్రువు కాదు, అదొక కబురు. బీరువాలో ముక్క వాసన వస్తే గోడకి చెమ్మ దిగుతోందని కబురు. వాడని బాత్రూంలో మురుగు కంపు కొడితే, నేలమీది జాలీ కింద నిలవాల్సిన నీళ్లు ఎండిపోయాయని కబురు. దానికి మందు సెంటు కాదు, చెంబెడు నీళ్లు. ఫ్రిజ్ వాసన వేస్తే తలుపు రబ్బరు మడతల్లో ఏదో కుళ్లుతోందని కబురు.

అన్నిటికన్నా పెద్ద కబురు గ్యాసుది. వంటగ్యాసుకి సొంతంగా వాసన లేదు. లీకైతే మనకి తెలియాలనే అందులో ఇథైల్ మెర్కాప్టాన్ అనే కంపు పదార్థాన్ని కలుపుతారు. మన ముక్కుని నమ్మి చేసిన ఏర్పాటది. వంటింట్లో ఇరవైనాలుగు గంటలూ గులాబీ వాసన నింపి ఆ కబురు ఆలస్యం చేసుకోవడం తెలివైన పనేనా? 2020, 2021లో కోవిడ్ వచ్చి వాసన పోయినవాళ్లని అడగండి. కూర మాడినా తెలియక, పాలు విరిగినా తెలియక ఎంత అవస్థ పడ్డారో చెబుతారు. గ్యాసు వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తీసి, అందరూ బయటికొచ్చాక 1906కి ఫోన్ చెయ్యాలి. డిఫ్యూజర్ పంపు స్విచ్చు కూడా స్విచ్చే. వంటింట్లో దాని అవసరం లేదు.

ముందు కిటికీ అడగండి

ఇంతకీ ఇంట్లో వాసనలన్నీ ఇల్లాలివేనా? వరండాలో కాల్చిన సిగరెట్టు ఎవరిది? చెమటపట్టిన హెల్మెటూ, మూడురోజుల సాక్సులూ ఎవరివి? వాళ్లెవరూ సిగ్గుపడరు. ఆయన సిగరెట్టు వాసన కప్పడానికి ఆవిడ సెంటు కొంటుంది. అది కూడా నెల ఖర్చుల్లో మిగిల్చిన డబ్బుతో!

వంటింటి మాట చెప్పనే అక్కర్లేదు. అపార్టుమెంటు ప్లాను గీసినప్పుడు బాల్కనీ హాలుకి, వెలుతురు బెడ్‌రూంకి, చివరికి మిగిలిన చీకటి మూల వంటింటికి. మిరపకాయల ఘాటు పోవడానికి దారి ఉండదు, ఇల్లంతా చుట్టుకుంటుంది. ఆ తప్పు గోడ కట్టినవాళ్లది. నింద తాలింపు వేసినామెది. అద్దె ఇళ్లల్లో మరీ అన్యాయం. ఎండుచేపలు వేయించారనీ, మాంసం వండారనీ ఇల్లు ఖాళీ చెయ్యమనేవాళ్లున్నారు. మనం తినే తిండి వాసనకి భయపడి సెంటు చల్లుకుని బతకడం పరిమళం అనిపించుకోదు.

డిఫ్యూజర్ కొనవద్దని నేననను. సాయంత్రం అలిసిపోయి ఇంటికొచ్చి, కిటికీ తీసి, కాసేపు నిమ్మగడ్డి వాసనో మల్లె వాసనో పీలుస్తూ కూచుంటే ప్రాణం లేచొస్తుంది. ఆ సుఖం మనకి ఉండాల్సిందే. అయితే అది మన ఇష్టం కోసం ఉండాలి, చుట్టాల ముక్కు కోసం కాదు.

వేలు పోసి దాన్ని కొనేముందు మాత్రం ఇంట్లో ఓ మాట అడగండి. వంటింటికి మంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందా? కిటికీ తెరుచుకుంటుందా? పరుపులు ఎండలో వేసి ఎన్నాళ్లయింది? చెత్తబుట్ట ఖాళీ చెయ్యడం ఎవరి వంతు? ఈ నాలుగూ కుదిరాక, ఇంకా డబ్బులు మిగిలితే, మీకు నచ్చిన పరిమళం కొనుక్కోండి. గాలి ఆడే ఇంట్లో రెండు చుక్కలు చాలు. గాలాడని ఇంట్లో సీసా మొత్తం పోసినా వృథాయే.