మిక్సర్ గొంతు పెద్దది, కెమెరా చెవి చిన్నది!

"కాలేజీ వార్షికోత్సవంలో మావాడి పాటని మిక్సర్ నుంచి నేరుగా కెమెరాలోకి రికార్డు చేశాం. హాల్లో అమృతం. ఇంటికొచ్చి వింటే గరగర! దోషం మైకుదా, గాయకుడిదా?" అని అడుగుతోంది కుర్రకారు.

పాపం, గాయకుణ్ణి వదిలెయ్యండి. ఇది వోల్టుల తగాదా.

స్టూడియో మిక్సర్‌లో మీటరు సున్నా చూపిస్తోందంటే బయటికొచ్చేది మామూలుగా ప్లస్ 4 డిబియు, అంటే 1.23 వోల్టులు. ఇళ్ళలో వాడే డెక్కుల కొలత మైనస్ 10 డిబివి, అంటే 0.316 వోల్టు. 4కీ, మైనస్ 10కీ మధ్య తేడా 14 అని లెక్కేశారా? అక్కడే బోల్తా! డిబియు లెక్క 0.775 వోల్టు దగ్గర మొదలవుతుంది, డిబివి లెక్క 1 వోల్టు దగ్గర. అసలు తేడా 12 డెసిబెల్స్‌కి కాస్త తక్కువ. వోల్టుల్లో దాదాపు 4 రెట్లు. (ఆ 0.775 ఎక్కడిదంటారా? పాత టెలిఫోన్ లైన్లది. 600 ఓముల మీద ఒక మిల్లీవాట్.)

ఇంటి ప్లేయర్‌ని స్టూడియో మిక్సర్‌కి కలిపితే ప్రమాదమేం లేదు. పాట నీరసంగా వస్తుంది, గెయిన్ పెంచితే వెనకాల కాస్త 'హిస్స్' తోడొస్తుంది. అంతే. అటునుంచి ఇటు వచ్చేటప్పుడే చిక్కంతా. అందులోనూ కెమెరా మైకు జాక్ ఆశించేది కొద్ది మిల్లీవోల్టులే! అందులో వోల్టుకి పైగా పోస్తే పొంగిపోదూ? శబ్ద తరంగాల తలలు తెగిపోతాయి. వాటిని ఎంత గొప్ప ఎడిటరూ మళ్ళీ మొదటిలా అతకలేడు. నాబ్ తగ్గించాం కదా అంటారేమో, ఆ నాబ్‌కి ముందున్న సర్క్యూట్‌లోనే గొంతు పగిలిపోతే లాభం సున్న.

మరేం చెయ్యాలి? మిక్సర్‌కి 'టేప్ అవుట్' ఉందేమో చూడండి. చాలావాటిలో అది ఇంటి కొలతకే ఉంటుంది. రికార్డర్‌కి 'లైన్ ఇన్' ఉంటే అందులోనే పెట్టండి. మైకు జాక్ తప్ప గతి లేదా? మధ్యలో 40 డెసిబెల్స్ తగ్గించే అటెన్యుయేటర్ పెట్టాల్సిందే.

ఇంకో మాయ ఉందండోయ్! కొన్ని మిక్సర్ల బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌ని స్టీరియో మినీ జాక్‌లోకి దూరిస్తే, ఒకే గొంతు కుడిఎడమల్లో ఒకటి నిటారుగా, ఒకటి తలకిందులుగా ఎక్కుతుంది. ఇయర్‌ఫోన్స్‌లో ఏదో బోలుగా ఉంటుంది. ఒకే స్పీకరున్న ఫోన్లో పెట్టారో, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని పాట హాంఫట్!

అందుకని గాయకుడు బాగా గొంతెత్తే చరణం ఏదో ముందే అడిగి పాడించుకోండి. రికార్డర్ మీటరు మైనస్ 12 దాటకుండా సరిచేసుకుని, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని విన్నాకే తెర ఎత్తమనండి.