సముద్రం చదవాలంటే పడవ ఎక్కాలి

ఆడపిల్లను విదేశాలకు పంపి చదివించడం గురించి ఎప్పుడు మాట్లాడుకున్నా మన చర్చ ఫీజు దగ్గర, వీసా దగ్గర ఆగిపోతుంది. స్కాలర్‌షిప్ వచ్చిందా, బ్యాంకు అప్పు ఇచ్చిందా అని అడుగుతాం. విమానం ఎక్కించాక హక్కు సాధించేసినట్టే భావిస్తాం. సముద్ర జీవశాస్త్రం చదివిన అనుభవంతో చెబుతున్నాను, అది సగం హక్కే. ఈ చదువు తరగతి గదిలో పూర్తయ్యేది కాదు. పడవ మీద, నీటి అడుగున, ఒడ్డుకు దూరంగా ఉండే పరిశోధనా కేంద్రాల్లో పూర్తవుతుంది. తరగతిలో కుర్చీ ఇచ్చి పడవలో చోటు ఇవ్వకపోతే ఆ పిల్లకు చదువు చెప్పినట్టు కాదు.

నేను విశాఖ తీరంలో చేపలమ్మే ఇంట్లో పుట్టాను. అమ్మ గంపతో సంపాదించిన డబ్బు, ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు కలిపి నన్ను ఆస్ట్రేలియా తూర్పు తీరానికి పంపాయి. అక్కడ 2,300 కిలోమీటర్ల పొడవునా గ్రేట్ బారియర్ రీఫ్ ఉంది. పగడాల గురించి నేర్చుకోవాలనుకునేవారికి ప్రపంచంలో అంతకంటే పెద్ద పగడపు దిబ్బల వరుస లేదు. కానీ ఆ నీళ్ళలో దిగాలంటే ముందు ఈత రావాలి, వైద్య పరీక్ష నెగ్గాలి, డైవింగ్ శిక్షణ పొందాలి. వీటన్నిటికీ వేరే ఖర్చు.

మా పేటలో మగపిల్లలు నడక నేర్చిన కొత్తలోనే అలల్లోకి దూకుతారు. ఆడపిల్లలం ఒడ్డున నిలబడి చూసేవాళ్ళం. వంజరం ఏదో, కవళ్ళు ఏవో, నెత్తళ్ళు ఏ నెలలో దొరుకుతాయో అమ్మకు తెలిసినంత మా పేటలో ఎంతమంది మగవాళ్ళకు తెలుసు? అయినా ఆమె తెప్ప ఎక్కలేదు. ముట్టులో వల తాకకూడదన్న కట్టుబాటులోనే బతికింది. సముద్రం మీద బతికే ఇంటి పిల్లనైన నేను ఇరవై రెండేళ్ళ వయసులో పరాయి దేశంలో, ఐదేళ్ళ పిల్లల పక్కన ఈత నేర్చుకున్నాను. ఆ పిల్లలకు అది బడిలో పాఠం.

అంతమాత్రాన అక్కడ వివక్ష లేదనుకుంటే పొరపాటు. ముట్టులో వల తాకొద్దని ఇక్కడంటే, ముట్టులో నీళ్ళలో దిగితే సొరచేపలు వస్తాయని అక్కడ వేళాకోళం చేసేవారు. బహిష్టు రక్తం వల్ల డైవర్ల మీద సొరచేపల దాడులు పెరిగాయనడానికి ఏ ఆధారమూ లేదు. రెండు తీరాల్లోనూ మాట వేరు, పని ఒకటే. ఆడదాన్ని నీటికి దూరంగా ఉంచడం.

దీనికి చరిత్ర ఉంది. అమెరికాలో పేరుమోసిన సముద్ర పరిశోధనా సంస్థలు ఎంతోకాలం స్త్రీలను ఓడల మీద రాత్రి ఉండనివ్వలేదు. వాళ్ళకు వేరే స్నానాల గది లేదన్నది ఒక సాకు. 1956లో రాబర్టా ఐక్ అనే విద్యార్థిని, ఎన్నిసార్లు అడిగినా అనుమతి రాకపోవడంతో ఓడలో దాక్కుని వెళ్ళింది. పట్టుబడి ఫెలోషిప్ పోగొట్టుకుంది. 1964లో సిల్వియా ఎర్ల్ హిందూ మహాసముద్ర యాత్రకు వెళ్ళినప్పుడు ఓడలో డెబ్బై మంది మగవాళ్ళ మధ్య ఆమె ఒక్కతే స్త్రీ. పత్రికలకు అదే వార్త అయింది గాని ఆమె పరిశోధన కాలేదు. 1970లో టెక్టైట్ ప్రయోగంలో సముద్రం అడుగున రెండు వారాలు నివసించడానికి ఐదుగురు స్త్రీలతో వేరే జట్టు కట్టారు. ఆడా మగా కలిసి అక్కడ ఉండడం అప్పటి పెద్దలకు మింగుడు పడలేదు మరి.

ఇవాళ అలాంటి నిషేధం కాగితం మీద కనిపించదు. నా తరగతిలో ఆడపిల్లలే ఎక్కువ. అయినా ఒక ద్వీపంలో క్షేత్రశిక్షణకు వెళ్ళినప్పుడు మాకు అజమాయిషీ చేసినాయన మగపిల్లల్ని పడవకు, మమ్మల్ని గదిలో నమూనాలు వేరుచేసే పనికి కేటాయించాడు. ‘మీ చేతులు సున్నితం, ఈ పని మీకే బాగా వస్తుంది’ అన్నాడు. వినడానికి పొగడ్తే. కానీ ఈ రంగంలో డైవింగ్ పుస్తకంలో నమోదైన గంటలే అనుభవం. ఎన్ని గంటలు నీటిలో ఉన్నావనే తర్వాత ఉద్యోగమిచ్చేవాడు అడుగుతాడు. ఆ రోజు మేము పోగొట్టుకున్నది పడవ షికారు కాదు, రేపటి అర్హత.

అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటుంది. క్షేత్ర పరిశోధన చేసేవారి గురించి కేట్ క్లాన్సీ బృందం 2014లో ప్రచురించిన సర్వేలో 666 మంది జవాబిచ్చారు. వారిలో 64 శాతం మంది లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. 20 శాతానికి పైగా దాడికి గురయ్యామన్నారు. ఎక్కువగా బలైంది చదువుకుంటున్న స్త్రీలు, వేధించినవారు తరచుగా పై అధికారులు. ఒక ద్వీపంలో, ఒకే పడవ, ఒకే వంటగది ఉన్నచోట పిల్ల ఎక్కడికి పారిపోతుంది? ఆమె వీసా చదువు కొనసాగడం మీద ఆధారపడి ఉంటుంది. సిఫారసు ఉత్తరం రాయాల్సిందీ ఆ పెద్దమనిషే. ఇంటి దగ్గర తాకట్టు పత్రం ఉంది. ఆమె మౌనాన్ని సమ్మతి అనుకునేవాళ్ళకు ఈ మూడింటి బరువు తెలియదు.

‘అందుకే పంపొద్దంటాం’ అనే పెద్దలకు నా జవాబు ఒక్కటే. వేధించేవాడిని వదిలి వేధింపుకు గురయ్యేదాన్ని ఇంట్లో కూర్చోబెట్టడం రక్షణ కాదు, శిక్ష. అదితి పంత్‌ను అలా ఆపి ఉంటే? హవాయిలో సముద్ర శాస్త్రం చదివి, లండన్‌లో డాక్టరేట్ చేసి, గోవాలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థలో పనిచేసిన ఆమె 1983-84లో సుదీప్త సేన్‌గుప్తాతో కలిసి అంటార్కిటికా యాత్రకు వెళ్ళింది. భారత అంటార్కిటికా యాత్రలో పాల్గొన్న మొదటి స్త్రీలు వాళ్ళే.

కనుక మనం అడగవలసినవి స్పష్టంగా అడగాలి. విదేశీ విద్యకిచ్చే ఏ సాయమైనా ఫీజుతో ఆగకూడదు. ఈత, డైవింగ్ శిక్షణ, వైద్య పరీక్ష, బీమా అందులో భాగం కావాలి. పడవ వంతులు, డైవింగ్ గంటలు ఎవరికెన్ని ఇచ్చారో విశ్వవిద్యాలయాలు రాసిపెట్టాలి. మన దేశంలో లైంగిక వేధింపులపై యూజీసీ తెచ్చిన నిబంధనలు క్షేత్ర పర్యటనలకూ వర్తిస్తాయి, కానీ పరాయి దేశపు విశ్వవిద్యాలయాన్ని కట్టడి చేయలేవు. ఆస్ట్రేలియాలో 2025 ఫిబ్రవరి నుంచి జాతీయ స్థాయిలో విద్యార్థుల ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ ఉన్నారు. విదేశీ విద్యార్థులూ వెళ్ళవచ్చు. మన పిల్లలకు ఈ సంగతి విమానం ఎక్కకముందే తెలియాలి. ఎక్కడ ఎవరికి ఫిర్యాదు చేయాలో మన సంఘాలు తెలుగులో రాసి చేతికివ్వాలి. అర్ధరాత్రి ఫోను చేస్తే ఎత్తే మనిషి ఒకరు ఇక్కడ ఉండాలి.

అన్నిటికంటే ముందు, తీరప్రాంతపు ప్రతి బడిలో ఆడపిల్లలకు ఈత నేర్పించే పని మొదలుపెడదాం. దానికి ఏ వీసా అక్కర్లేదు.