కంటిని కాచే రెప్పకు కత్తి పెట్టే ముందు

 

గత మాసంలో ఒకనాడు అసర్ నమాజు అనంతరం సికింద్రాబాదులోని మా మదరసాకు ఒక తల్లీ, ఆమె కుమార్తె వచ్చారు. తల్లి వయస్సు యాభై దాటింది. ఏళ్ళ తరబడి తమ ఇంటి వరండాలో మొహల్లా పిల్లలను కూర్చోబెట్టుకొని ఖుర్ఆన్ నాజిరా నేర్పుతున్న ఇల్లాలు ఆమె. పై రెప్పల చర్మం జారి కనుపాపలపై వాలుతున్నందున ముస్హఫ్ చదివేటప్పుడు వేలితో రెప్పను ఎత్తి పట్టుకోవలసి వస్తున్నదట. కుమార్తెకు 22 ఏళ్ళు. కళ్ళు ఆరోగ్యంగానే ఉన్నాయి. కాని, సంబంధం చూడడానికి వచ్చిన ఇంటి స్త్రీ ఒకరు "అమ్మాయి కళ్ళు ఎప్పుడూ నిద్రమత్తుగా ఉంటాయా?" అన్నారట. ఆ మాట ఆ బిడ్డ మనస్సులో ముల్లులా దిగబడింది. ఒక సౌందర్య చికిత్సాలయం వారు తల్లీ కూతుళ్ళిద్దరికీ ఒకే సర్జరీ సూచించి, కలిసి చేయించుకుంటే ఖర్చు తగ్గిస్తామని చెప్పారట.

"మౌలానా సాబ్, ఇది జాయిజేనా?" అని తల్లి అడిగారు. కుమార్తె తల ఎత్తలేదు.

ప్రశ్న ఒకటే అయినా ఇద్దరికీ జవాబు ఒకటి కాదు. ఈ సందేహం ఇప్పుడు అనేక ఇళ్ళలో ఉన్నందున మేము వారికి చెప్పిన విషయాలను ఇక్కడ వివరిస్తున్నాము.

ముందుగా షరీఅత్ దృష్టి. వ్యాధికి చికిత్స చేయించుకొమ్మని దైవప్రవక్త (సఅసం) తన అనుచరులకు బోధించారు. కులాబ్ యుద్ధంలో ముక్కు కోల్పోయిన హజ్రత్ అర్ఫజా (రజి) వెండి ముక్కు అమర్చుకోగా అది దుర్గంధం కలిగించింది. అప్పుడు బంగారు ముక్కు పెట్టుకొమ్మని ప్రవక్త (సఅసం) ఆయనకు సెలవిచ్చారు. అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఈ ఉల్లేఖనం ఉంది. పురుషునికి బంగారం నిషిద్ధమైనప్పటికీ అవసరం దృష్ట్యా అనుమతి లభించిందన్న మాట. మరోవైపు, కేవలం అందం కోసం పళ్ళ మధ్య సందులు చేయించుకొనే స్త్రీలను హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి) ఉల్లేఖించిన హదీసు తీవ్రంగా నిందించింది. ఈ రెండింటిని కలిపి చూసిన ఉలమాలలో అత్యధికులు లోపాన్ని, బాధను తొలగించే శస్త్రచికిత్సను అనుమతించారు. ఆరోగ్యంగా ఉన్న అవయవాన్ని కేవలం మరింత అందం కోసం మార్చుకోవడాన్ని సమ్మతించలేదు.

మన పూర్వికులైన వైద్యులకూ ఈ విచక్షణ తెలుసు. వెయ్యేళ్ళ క్రితం అందులుసియాలో అబుల్ ఖాసిమ్ అజ్జహ్రావీ తమ 'కితాబ్ అత్తస్రీఫ్' గ్రంథంలో రెప్ప చర్మాన్ని కొంత కోసి కుట్టే విధానాన్ని వివరించారు. కంటిలోనికి వెంట్రుకలు తిరిగి గుచ్చుకొనే బాధకు అది చికిత్స.

ఇక వైద్య దృష్టి. అల్లాహ్ రెప్పను కంటికి కేవలం అలంకారంగా ఇవ్వలేదు. "కంటికి రెప్పలా" అని మన తెలుగువారు ఊరకనే అనలేదు. మనం నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేస్తాము. ప్రతిసారీ అది కంటిపై కన్నీటి పొరను పలుచగా పరుస్తుంది. ఆ పొరలో అడుగున జిగురు, మధ్యన నీరు, పైన నూనె ఉంటాయి. నూనెనిచ్చే గ్రంథులు రెప్పల అంచులలోనే ఉన్నాయి. ఆ నూనె తగ్గితే నీరు త్వరగా ఆవిరైపోతుంది.

బ్లెఫరోప్లాస్టీ అనే ఈ సర్జరీలో రెప్పపై మిగులు చర్మాన్ని, అవసరమైతే కొంత కండరాన్ని, కొవ్వును తీసివేసి కుట్లు వేస్తారు. చర్మం ఎక్కువగా తీస్తే రెప్ప పూర్తిగా మూతపడదు. కండరం దెబ్బతింటే రెప్ప వేయడం మందగిస్తుంది. కింది రెప్ప కిందికి లాగబడితే కన్ను గాలికి తెరుచుకొని ఉంటుంది. నిద్రలో సన్నని సందు మిగిలినా చాలు, రాత్రంతా ఫ్యాను గాలికి, ఏసీ గాలికి కన్ను ఆరిపోతుంది. ఇసుక పడినట్లు గరగర, మంట, ఎరుపు, మసక ఏర్పడతాయి. ఎక్కువ మందిలో ఇది కొన్ని వారాలలో, నెలలలో తగ్గుతుంది. కొందరిలో మిగిలిపోతుంది. తీవ్రమైతే కార్నియాపై పుండ్లు ఏర్పడి చూపుకే ముప్పు రావచ్చు. తీసిన చర్మాన్ని తిరిగి తెచ్చి పెట్టడం సులభం కాదు.

ముందే కళ్ళు పొడిగా ఉన్నవారికి ఈ ప్రమాదం ఎక్కువ. ముట్లుడిగిన స్త్రీలు, థైరాయిడ్ జబ్బు వల్ల కళ్ళు ముందుకు వచ్చినవారు, నోరూ కళ్ళూ ఎండిపోయే కీళ్ళవాతం ఉన్నవారు, లేసిక్ చేయించుకున్నవారు, ఎలర్జీ మాత్రలు తరచూ వాడేవారు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

కనుక మేము ఆ తల్లిని, "అమ్మా, మీకు కళ్ళు మండుతుంటాయా?" అని అడిగాము. మధ్యాహ్నమయ్యేసరికి ఇసుక పోసినట్లుంటుందని, నోరు కూడా ఎండిపోతుంటుందని, వేళ్ళ కీళ్ళు నొప్పి పెడతాయని ఆమె చెప్పారు. చికిత్సాలయంలో ఈ సంగతి ఎవరూ అడగలేదట. మేము వైద్యులము కాము. ముందు నేత్ర వైద్యులను కలవండని మాత్రమే చెప్పాము. మన నగరంలో మెహదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. 1987లో స్థాపితమైన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో స్తోమత లేనివారికి ఉచిత చికిత్స ఉంది.

పది రోజుల తరువాత ఆమె ఫోను చేశారు. నేత్ర వైద్యులు రెప్ప అంచున చిన్న కాగితపు పట్టీ ఉంచి 5 నిమిషాలు చూశారట. 10 మిల్లీమీటర్లైనా తడవవలసిన పట్టీ 4 దగ్గరే ఆగిపోయిందట. ముందు పొడితనానికి, కీళ్ళవాతానికి చికిత్స జరగాలని, ఆ తరువాతనే చూపునకు అడ్డుపడే మేరకు కొద్ది చర్మం మాత్రమే తీస్తామని చెప్పారట. "సర్జరీ అప్పుడే చేయించుకొని ఉంటే పిల్లలకు సబఖ్ చెప్పడమే ఆగిపోయేదేమో, మౌలానా సాబ్" అన్నారు ఆమె. అల్ హందులిల్లాహ్!

ఇటువంటి సర్జరీ అవసరమైన వారు కొన్ని మసాయిల్ తెలుసుకోవాలి. కుట్లకు నీరు తగలరాదని వైద్యుడు చెబితే ఉజూలో మిగతా ముఖం కడిగి, ఆ చోట తడి చేతితో మసహ్ చేయాలి. అదీ హానికరమైతే వదిలివేయవచ్చు. వంగరాదని చెబితే కూర్చొని రుకూ, సజ్దాలను సైగతో చేయాలి. సజ్దాకు తలను రుకూ కంటే కొంచెం ఎక్కువగా వంచాలి. హనఫీ మస్లక్ ప్రకారం కంటి చుక్కల వల్ల ఉపవాసం భంగం కాదు, రుచి గొంతులో తెలిసినా సరే. రోజా పేరుతో చుక్కలు మానివేసి కన్ను పాడుచేసుకోకండి.

ఇంకొక హెచ్చరిక. ఉన్నట్టుండి ఒక రెప్ప వాలిపోయినా, వస్తువులు రెండుగా కనిపించినా, సాయంత్రానికి వాలడం ఎక్కువైనా అది నరాల జబ్బు కావచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని ప్రవక్త (సఅసం) హెచ్చరించారు. బ్యూటీ పార్లర్లలో కత్తి పట్టేవారికీ, వారికి కళ్ళు అప్పగించేవారికీ ఇది గుర్తుండాలి.

ఇక ఆ కుమార్తె విషయం. "బేటీ, నీ కళ్ళలో జబ్బేమీ లేదు. జబ్బు ఆ మాటలో ఉంది. ఒకరి నాలుక చేసిన గాయానికి నీ రెప్పపై కోత ఎందుకు?" అన్నాము. ఆమె జవాబివ్వలేదు. ఆ మౌనం మమ్మల్ని ఇంకా వెంటాడుతోంది. ఆమెను అద్దం ముందు నిలబెట్టినది సౌందర్య చికిత్సాలయం మాత్రమే కాదు; కోడళ్ళను వెదకుతూ మన ఇళ్ళకు వచ్చిపోయే మనవారే. సంబంధానికి ధర్మనిష్ఠను ముందు చూడమని ప్రవక్త (సఅసం) నేర్పారు. మనం కంటి రెప్పలు కొలుస్తున్నాము.

తల్లులారా! రేపు మీరు ఒక ఇంట్లో షర్బత్ గ్లాసు అందుకొని ఒక ఆడబిడ్డను చూసేటప్పుడు, నోటికి వచ్చిన మాట అనే ముందు ఒక్క క్షణం ఆగండి. ఆ మాట విని ఆ బిడ్డ ఎక్కడికి వెళుతుందో ఆలోచించండి.

అల్లాహ్ మన చూపును, మన నాలుకలను కాపాడుగాక! ఆమీన్.